పందొమ్మిదిన్నర వోల్టులు

షెడ్డులో ఆయన్ని అందరూ సంగీతం మేస్త్రి అనేవాళ్లు. ఆయనకి పాట రాదు. స్నానాల గదిలో ఎప్పుడైనా కూనిరాగం తీస్తే, "మోటారు పాడైందేమో అని పరిగెత్తుకొచ్చాను, మీరేనా!" అని భార్య బయటి నుంచి నవ్వేది. అయినా ఆ పేరు ఊరికే రాలేదు.

పద్దెనిమిదేళ్లు చేత్తో వెల్డింగ్ చేశాడు. గ్యారేజీల్లో కార్లను పైకెత్తే లిఫ్టులు ఉంటాయి కదా, కారును కింద నుంచి పట్టుకునే నాలుగు ఇనప చేతులతో. ఆ చేతులు తయారుచేసే కంపెనీ అది. ఒకరోజు ఒక పెద్ద చెక్కపెట్టెలో రోబో వచ్చింది. వెల్డర్లు తొమ్మిది మంది దాని చుట్టూ చేరి, ఆస్పత్రి వరండాలో నిలబడ్డట్టు నిలబడి చూశారు. ఏడాది తిరిగేసరికి ఆరుగురు వెళ్లిపోయారు. ఒకరు లారీ తోలుకుంటున్నారని, ఒకరు ఏ పనీ చెయ్యడం లేదని తెలిసింది. మేస్త్రి మిగిలాడు. రోబోకి పని నేర్పే మనిషి ఒకడు కావాలి కాబట్టి మిగిలాడు.

నేర్పడమంటే మూడు అంకెలు కుదర్చడం. ఎన్ని వోల్టులు, కరిగి అతుకయ్యే వైరు ఎంత వేగంగా రావాలి, మంట చిమ్మే టార్చ్ ఎంత వేగంగా కదలాలి. పుస్తకంలో పట్టిక ఉంటుంది గానీ, ప్లేటు మారినా, గ్యాస్ మారినా, చివరికి వైరు చుట్ట మారినా పట్టిక కాస్త అటూ ఇటూ అవుతుంది. మేస్త్రి చేతి రిమోట్ పట్టుకుని, మంట వెలుగు కళ్లలో పడకుండా కట్టిన తెర బయట నిలబడి, కళ్లు మూసుకుని వినేవాడు. మూడూ కుదిరితే మంట ఒక తీరుగా పలుకుతుంది: సన్నగా, గట్టిగా, ఆగకుండా, రేకుల కప్పు మీద వడగళ్లు రాలినట్టు. వోల్టులు ఎక్కువైతే బుస కొడుతుంది. తక్కువైతే వైరు కరగకుండా ప్లేటును పొడుచుకుంటూ టపటపమంటుంది. ఆయన వేలితో ఒక మీట నొక్కేవాడు, వినేవాడు, మళ్లీ నొక్కేవాడు. "ఆఁ, ఇప్పుడు పలికింది" అనేవాడు.

మొదట్లో ప్రతిసారీ ఒక ముక్కను అడ్డంగా కోయించి, నునుపు పట్టించి, యాసిడ్ రాసి చూసేవాళ్లు. లోహం లోపలికి ఎంత కరిగిందో అప్పుడు కనిపిస్తుంది. ప్రతిసారీ ఆయన చెవి చెప్పిందే నిజమైంది. మూడేళ్లు గడిచాక కోసి చూడటం తగ్గింది. తర్వాత మానేశారు. ముక్క కోసి, పాలిష్ పట్టి చూడాలంటే గంటన్నర పని.

"మేస్త్రిగారు విన్నారా? విన్నారు కదా. నడపండి" అనేవాడు మేనేజరు.

అది ఆయనకి ఎంత గర్వంగా ఉండేదో భార్యకి ఒక్కదానికే తెలుసు. ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ, "ఇవాళ సార్ ఏమన్నాడో తెలుసా" అని మొదలుపెట్టేవాడు. ఆవిడ పసిపిల్లల బడిలో ఆయా. రోజంతా పిల్లల గోల విని వచ్చిన మనిషి. అయినా ఓపిగ్గా వినేది.

తర్వాత ఎప్పుడో, ఫలానా రోజని చెప్పలేం గానీ, ఆయన చెవులు ఆయన్ని వదిలి వెళ్లడం మొదలుపెట్టాయి.

గోల వినిపించేది. లారీ హారన్ వినిపించేది. మనుషులు మాట్లాడుతున్నారని తెలిసేది గానీ, మాటల అంచులు అరిగిపోయినట్టుండేవి. ఫోన్‌లో కూతురు "నాన్నా, పరీక్ష పోయింది" అంటే "మంచిదమ్మా" అన్నాడు. పిల్ల ఏడ్చింది. ఆ తర్వాత ఫోన్ మోగితే భార్య చేతికి ఇచ్చేసేవాడు.

"చెవుల డాక్టరుకి చూపించుకోండి."

"నా చెవులకేం? వాటి మీదే బతుకుతున్నాం."

ఆవిడ మళ్లీ అనలేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే చేతిలో పని పక్కన పెట్టి, ఎదురుగా వచ్చి నిలబడి చెప్పడం అలవాటు చేసుకుంది.

ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లకపోలేదు. ఇంట్లో చెప్పకుండా, షెడ్డులో ఎవరి కంటా పడకుండా, రెండు బస్సులు మారి వెళ్లాడు. చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి బరువైన డిప్పలు తగిలించి, "చప్పుడు వినిపించినప్పుడల్లా ఈ బొత్తాం నొక్కండి" అంది పరీక్ష చేసే అమ్మాయి. మొదట్లో నొక్కాడు. తర్వాత ఏమీ వినిపించలేదు. కానీ ఆ అమ్మాయి యంత్రం మీద వేలు కదిపినప్పుడల్లా ఆమె భుజం కొంచెం ఎగురుతోంది. అది అద్దంలోంచి కనిపిస్తోంది. భుజం ఎగిరినప్పుడల్లా ఆయన నొక్కాడు.

రెండు నిమిషాల తర్వాత ఆ అమ్మాయి వచ్చి కుర్చీని గోడవైపు తిప్పింది. "ఇప్పుడు మళ్లీ చేద్దామండీ" అంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి.

సన్నటి చప్పుళ్లన్నీ పోయాయని, అవి తిరిగి రావని డాక్టరు కాగితం మీద గీత గీసి చూపించాడు. గీత సగం దాకా తిన్నగా వచ్చి, అక్కడి నుంచి మెట్లు దిగినట్టు కిందికి పడిపోయింది. గోలగా ఉండే ఆ షెడ్డు పని వదిలెయ్యమన్నాడు. చెవిలో పెట్టుకునే మిషన్ వాడమన్నాడు. మేస్త్రి కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. చెవిలో మిషన్ పెట్టుకున్న వాణ్ణి సంగీతం మేస్త్రి అని ఎవరు పిలుస్తారు?

వడగళ్ల చప్పుడు సన్నటి చప్పుడే. అది ఆయనకి వినిపించి అప్పటికి ఏడాది పైనే అయింది. పాత పనులకి పాత అంకెలు గుర్తున్నాయి కాబట్టి బండి నడిచిపోతోంది.

అలాంటప్పుడు కొత్త డిజైన్ వచ్చింది. లిఫ్టు చేతి మొదలు దగ్గర అతికే మడత ప్లేటు నాలుగు మిల్లీమీటర్ల నుంచి ఆరుకు మారింది. పట్టికలో ఇరవై మూడు వోల్టులు ఉంది. మేస్త్రి ఇరవై మూడు పెట్టి, కళ్లు మూసుకుని విన్నాడు. దూరంగా ఎవరో గోనెపట్టా ఈడుస్తున్నట్టు మొద్దుగా ఏదో వినిపించింది. బుస కొడుతోంది కాబోలనుకున్నాడు. ఇరవై రెండు. ఇరవై ఒకటి. ఇరవై. పందొమ్మిదిన్నర దగ్గర చిటపటమని స్పష్టంగా, తెంపు తెంపుగా వినిపించింది. ఎన్నాళ్లుగానో దూరమైన మనిషి గుమ్మంలో కనిపించినట్టయింది ఆయనకి. "ఆఁ, పలికింది" అన్నాడు.

పలికింది వడగళ్లు కావు. వైరు ప్లేటును పొడుస్తున్న చప్పుడు. అదొక్కటే ఆయన చెవిదాకా రాగలిగింది.

రోబో దగ్గర ముక్కలు పెట్టి తీసే ఆవిడ ఒకతె ఉంది. మేస్త్రి ఆమెను చెల్లెమ్మా అని పిలిచేవాడు. అలా షెడ్డు మొత్తానికి చెల్లెమ్మ అయింది. పనిలో చేరిన కొత్తలో, ముక్కను కదలకుండా పట్టే జిగ్గులో దాన్ని ఎలా కూర్చోబెట్టాలో, బిగింపు పడ్డదని చేతికి ఎలా తెలుస్తుందో ఆయనే నేర్పాడు. ఆమె మొదటి ముక్క తీసి వెలుతురులో పెట్టి చూసింది.

"అన్నా, అతుకు కాస్త ఉబ్బుగా లేదూ? తాడు అంటించినట్టుంది."

"ప్లేటు మందం కదా."

"అంచుల దగ్గర కలవలేదేమో అనిపిస్తోంది. ఒక్కటి కోయించి చూద్దామా?"

"నేను విన్నాను కదా" అన్నాడు. ఎప్పుడూ లేనంత గట్టిగా అన్నాడు. పక్క మిషన్ వాళ్లు తలతిప్పి చూశారు. చెల్లెమ్మ ముఖం చిన్నబుచ్చుకుని ముక్కను ట్రాలీలో పెట్టింది. తనిఖీ చేసే ఆయన కొలతముక్క ఆనించి చూసి, ఉబ్బు హద్దులోనే ఉందని సంతకం చేశాడు. పైన పసుపు రంగు పడింది. రంగు పడ్డాక అన్ని అతుకులూ ఒక్కలాగే ఉంటాయి.

ఆరు వారాల్లో ఆరువందల పద్దెనిమిది చేతులు వెళ్లాయి.

ఒక ఉదయం షెడ్డుకి వెళ్లేసరికి మేనేజరు గది ముందు మనుషులు గుమిగూడి ఉన్నారు. ఏదో గ్యారేజీలో లిఫ్టు చెయ్యి విరిగిందట. పైనున్న కారు పక్కకి ఒరిగి, కింద పనిచేస్తున్న మెకానిక్ మీద పడిందట. మనిషి బతికే ఉన్నాడు. కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు.

విరిగిన లిఫ్టు చెయ్యి బల్లమీద ఉంది. మేస్త్రి వంగి చూశాడు. అతుకు చిరగలేదు, తెగలేదు. ఎండిన జిగురు ఊడి వచ్చినట్టు మొత్తానికి మొత్తం ఊడి వచ్చేసింది. దాని కింద ప్లేటు అంచు, కోత మిషన్ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే, వాడి తగ్గకుండా మెరుస్తోంది. అది చదవడానికి చెవులు అక్కర్లేదు. ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు.

మేనేజరు ఏదో అంటున్నాడు. ఎదురుగా వచ్చి చెప్పాక అర్థమైంది. "ముక్క జిగ్గులో సరిగ్గా కూర్చోలేదు. టార్చ్ అతుకు మీద కాకుండా పక్కన నడిచింది. అంతే కదా మేస్త్రిగారూ?"

 ఆయన అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. తల మాత్రం కదిపాడు. ఎటు కదిపాడో ఆయనకే తెలియదు. మేనేజరు దాన్ని అవుననే అనుకున్నాడు.

మధ్యాహ్నానికి చెల్లెమ్మను పని నుంచి ఆపేశారు.

మర్నాడు ఆమె ఆయన ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, ఆయనకి అర్థమయ్యేలా మెల్లగా, పెదవులు విడదీసి మాట్లాడింది. అప్పుడు తెలిసింది ఆయనకి, తన చెవుల సంగతి ఈమెకి కూడా తెలుసని.

"నేను ముక్క సరిగ్గానే పెట్టానన్నా. నువ్వు నేర్పినట్టే పెట్టాను. ఆ ఒక్క మాట సార్‌తో చెప్పు చాలు."

"చూద్దాంలే చెల్లెమ్మా. నేను మాట్లాడతాను."

మాట్లాడలేదు. ఆ రోజూ మాట్లాడలేదు, ఆ మర్నాడూ మాట్లాడలేదు. పొద్దున్నే వెళ్లి రోబో ముందు నిలబడేవాడు. ఆమె చోట కొత్త మనిషి ముక్కలు పెడుతుంటే చూసేవాడు. ఎవరూ చూడనప్పుడు ఇరవై మూడుకి మార్చేశాడు. ఇక మీదట వెళ్లేవి బాగుంటాయి కదా అని తనకి తాను చెప్పుకున్నాడు. వెళ్లిపోయినవి గుర్తొస్తే తినే అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయేది. అలా తొమ్మిది రోజులు గడిచాయి.

తొమ్మిదో రోజు సాయంత్రం భార్య ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె చేతిలో నాలుగు మడతల కాగితం ఉంది.

"చొక్కా ఉతకబోతే దొరికింది అనుకుంటున్నారేమో. ఇది దొరికి ఏడాదైంది. చదివి మళ్లీ జేబులోనే పెట్టేశాను."

ఆయన చెయ్యి తన చొక్కా జేబు మీదికి వెళ్లింది.

"మీరు చెప్తారని చూశాను. చెప్పలేదు. పోనీ, మగాడు, చిన్నతనంగా ఉంటుందిలే అనుకున్నాను. మీ పని ఆ చెవుల మీదే ఉందని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఆ కుర్రాడి కాలు పోవడంలో నాకూ పాలుంది."

"నీకేం సంబంధం? పిచ్చి మాటలు మాట్లాడకు."

"ఆ పిల్ల గుమ్మంలో నిలబడి అడిగితే చూద్దాంలే అన్నారే, అప్పుడు నేను వంటింట్లోనే ఉన్నాను. నావి బాగానే వినిపించే చెవులు." ఆవిడ గొంతు వణికింది. ఆయనకి వణుకు వినిపించలేదు, గడ్డం కదలడం కనిపించింది. "ఇంకా ఎన్ని ఉన్నాయండీ అలాంటివి, బయట?"

అంతవరకూ ఆయన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

పదో రోజు పొద్దున్న, షిఫ్టు మొదలవక ముందే, ఆయన రెండు ముక్కలు వెల్డు చేయించాడు. ఒకటి ఇరవై మూడు మీద. ఒకటి పందొమ్మిదిన్నర మీద. రెండూ జిగ్గులో తనే స్వయంగా పెట్టాడు, సరిగ్గా పెట్టాడు. అడ్డంగా కోసి, నునుపు పట్టి, యాసిడ్ రాశాడు. మొదటిదానిలో అతుకు రెండు ప్లేట్లలోకీ వేళ్లు దించింది. రెండోదానిలో ప్లేటుకీ అతుకుకీ మధ్య వెంట్రుకంత నల్లటి గీత, ఈ చివర నుంచి ఆ చివర దాకా. రెండూ తీసుకెళ్లి మేనేజరు బల్లమీద పెట్టాడు. చెవుల డాక్టరు కాగితం కూడా పక్కనే పెట్టాడు.

మేనేజరు మూడూ చూశాడు. చాలాసేపు చూశాడు. అరుస్తాడనుకున్నాడు మేస్త్రి. అరవలేదు.

"ఎన్ని?" అన్నాడు.

"ఆరువందల పద్దెనిమిది సార్. విరిగినదానితో కలిపి."

మేనేజరు కళ్లజోడు తీసి ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. "కోసి చూడొద్దని నేనే అన్నాను" అన్నాడు. ఆ మాట మేస్త్రికి వినిపించలేదు. ఎన్నో నెలల తర్వాత, విచారణకు వచ్చిన అధికారుల కాగితాల్లో చదువుకున్నాడు.

ఆ మధ్యాహ్నం నుంచే ఉత్తరాలు, ఫోన్లు మొదలయ్యాయి. మేస్త్రిని ఆ రోజే ఇంటికి పంపేశారు. వాంగ్మూలం ఇచ్చాడు, సంతకం పెట్టాడు. కేసు ఇప్పటికీ వాయిదాల మీద నడుస్తోంది. చెల్లెమ్మను వారంలో వెనక్కి పిలిచారు. కొన్నాళ్లకి రోబో రిమోట్ కూడా ఆమె చేతికే ఇచ్చారు. ఆమె రోజుకో ముక్క కోయిస్తుందట. ఆలస్యమవుతోందని ఎవరైనా గొణిగితే, కోసిన ముక్క వాళ్ల చేతిలో పెట్టి మాట్లాడకుండా నిలబడుతుందట.

ఒకసారి బస్సులో ఎదురైంది. మేస్త్రి లేచి సీటు ఇవ్వబోయాడు. ఆమె కూర్చోలేదు.

"నేను అడిగింది రెండోరోజు. నువ్వు చెప్పింది పదోరోజు" అంది. ఆయనకి అర్థమయ్యేలా, ఎప్పటిలాగే మెల్లగా, పెదవులు విడదీసి అంది. తర్వాతి స్టాపులో దిగిపోయింది. అది ఆమె దిగాల్సిన స్టాపు కాదు.

కాలు పోయిన మెకానిక్‌ను చూడటానికి ఆయన ఒక్కడే వెళ్లాడు. ఆ కుర్రాడికి ఇరవై ఎనిమిదేళ్లు. టైర్ల దుకాణం మీది వాటాలో అక్క ఇంట్లో ఉంటున్నాడు. మెట్లు ఇరవై రెండు, సన్నటివి. ఎక్కుతూ లెక్కపెట్టాడు మేస్త్రి. ఈ మెట్లు దిగి ఆ కుర్రాడు వీధి చూసి ఎన్నాళ్లయిందో అనిపించింది. అక్క తలుపు తీసింది. తానెవరో ఆయన చెప్పాక తలుపు మూయబోయి, ఏమనుకుందో, పక్కకి తప్పుకుంది.

అతను మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మేస్త్రి నిలబడే చెప్పాడు. చెవుల సంగతి, వోల్టుల సంగతి, తొమ్మిది రోజుల సంగతి, ఏదీ దాచలేదు. క్షమించమని అడగలేదు. అడగాలని ఇంటి దగ్గర అనుకునే వచ్చాడు గానీ, దుప్పటి ఒకవైపు చదునుగా పడి ఉండటం చూశాక నోరు రాలేదు.

కుర్రాడు గోడవైపు నుంచి కదలకుండా ఏదో అన్నాడు. వీపు కదిలింది. నాలుగైదు మాటలుంటాయి. మేస్త్రికి ఒక్క అక్షరం అందలేదు.

అక్క ముఖంలోకి చూశాడు. ఆమె తలవంచుకుంది. "ఏమన్నాడమ్మా?" అని అడగడానికి నోరు తెరిచి, మూసుకున్నాడు. ఆ మాటని ఇంకోసారి అనమని ఆ మనిషిని ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు? దణ్ణం పెట్టి వచ్చేశాడు. తిట్టాడో, పొమ్మన్నాడో, ఇంకేమన్నాడో ఆయనకి ఈనాటికీ తెలియదు.

వెళ్లిన చేతుల్లో ఐదువందల తొంభై తొమ్మిది వెనక్కి వచ్చాయి. విరిగింది పోను పద్దెనిమిది రాలేదు. కొన్ని గ్యారేజీలు మూతబడ్డాయి, లిఫ్టులు చేతులు మారాయి, ఉత్తరాలు అందలేదు. కంపెనీ మూడుసార్లు ప్రకటన వేసి, ఆచూకీ తెలియలేదని రాసుకుంది.

మేస్త్రి ఇప్పుడు చెవిలో మిషన్ పెట్టుకుంటున్నాడు. అది మాటల్ని పెద్దవి చేస్తుంది గానీ అరిగిన అంచుల్ని తిరిగి ఇవ్వదు. తలుపుల బందులు, కిటికీ చట్రాలు చేసే ఒక చిన్న కొట్టులో ఇనుము కోసే పని చేస్తున్నాడు. ఆదివారాలు గ్యారేజీలు తిరుగుతాడు. పద్దెనిమిది నంబర్ల జాబితా, ఒక టార్చిలైటు, రంగు గీకడానికి ఒక చిన్న ఉలి. భార్య కూడా వెళ్తుంది. గ్యారేజీల గోలలో ఎవరేమంటున్నారో ఆయనకి తెలియదు కాబట్టి ఆవిడ విని, ఎదురుగా నిలబడి చెప్తుంది. తిట్లు వచ్చినప్పుడు సగం మింగేస్తుంది.

ఏడాదిన్నరలో ఆరు దొరికాయి.

మొన్న ఆదివారం వెళ్లిన గ్యారేజీ ఒక సందు చివర ఉంది. పాత సామాన్ల వాళ్ల దగ్గర కొన్న లిఫ్టు. దాని మీద తెల్ల కారు ఎక్కి ఉంది. కింద ఒక మనిషి నడుం దాకా దూరి నట్లు విప్పుతున్నాడు. మేస్త్రి లైటు వేసి చూశాడు. పసుపు రంగు. గీకగానే నంబరు కనిపించింది. జాబితాలో ఉంది.

"బయటికి రమ్మను! ముందు ఆ మనిషిని బయటికి రమ్మను!"

యజమాని నవ్వాడు. ఏదో అన్నాడు. భార్య చెప్పింది: "ఏడాదిగా నిక్షేపంగా నడుస్తోందట. మీకేం పనిలేదా అంటున్నాడు."

మేస్త్రి వంగి, కారు కింద ఉన్న మనిషి కాలర్ పట్టుకుని బయటికి లాగాడు. అతను లేచి మేస్త్రి రొమ్ము మీద చెయ్యివేసి తోశాడు. ఆయన వెళ్లి టైర్ల గుట్ట మీద పడ్డాడు. అప్పుడు ఆయన భార్య, రోజూ నలభైమంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టే గొంతుతో అరిచింది: "ఇలాంటి చెయ్యే విరిగి ఒకడి కాలు పోయింది! అది వెల్డు చేసింది ఈయనే! చూసుకోండి, ఈయనే!"

గ్యారేజీ అంతా ఆగిపోయింది.

కాసేపటికి కారు దింపారు. చెయ్యి విప్పడానికి ముప్పావుగంట పట్టింది. విప్పి పక్కన పెట్టాక, తోసిన మనిషే అతుకు మీద సుత్తితో కొట్టి చూశాడు. మూడో దెబ్బకి ఒకవైపు ఊడింది. అతను సుత్తి కింద పెట్టి, తన చేతులు ప్యాంటుకి తుడుచుకుని, వెళ్లి బయట రోడ్డు మీద నిలబడ్డాడు.

భార్య జాబితాలో ఆ నంబరు కొట్టేసింది. మేస్త్రి మోచెయ్యి కొట్టుకుపోయి రక్తం కారుతోంది. ఆవిడ చీర చెంగుతో అద్దబోతే వద్దన్నాడు.

"ఇంకా పదకొండు" అన్నాడు.

"విన్నాను" అంది ఆవిడ. సందు మలుపులో ఇంకో గ్యారేజీ ఉందని యజమాని చెప్పాడు. ఇద్దరూ అటు నడిచారు.